ట్యూబు లేని చక్రము



గ్రామములందు పెద్దలైన మీకు చక్రమును గూర్చి చెప్పబూనుట కొంత సాహసమే. బండి చక్రమునకు ఆకులెట్లు దిగగొట్టుదురో, పూటీలెట్లు కూర్తురో, ఎఱ్ఱగా కాలిన ఇనుప పట్టాను పూటీలపై నెక్కించి నీళ్లు చల్లినప్పుడది యెట్లు బిగిసికొనునో మీలో పలువురు కన్నులార చూచినవారే. చక్రపు అంచునకు సంస్కృతమున నేమి యనియు, ప్రధి యనియు పేళ్లు. నేటి నా ప్రసంగమంతయు ఆ నేమిని గూర్చినదే. కఱ్ఱ నేమికి ఇనుము తొడిగిన కాలము పోయి, లోహపు నేమికి రబ్బరు తొడిగి, ఆ రబ్బరులో గాలి నింపు కాలము వచ్చినది. ఇప్పుడా గాలిని పట్టి యుంచుటకు లోపల ట్యూబు కూడ అక్కరలేదను కాలము వచ్చినది.

కార్లకును మోటారు సైకిళ్లకును ట్యూబులేని టైర్లు మన యూళ్లలో క్రొత్త కాదు. నేను చెప్పబోవునది త్రొక్కుడు సైకిలును గూర్చి. అందును కొండదారులకై చేయబడిన మౌంటెన్ బైకును గూర్చి. లావుపాటి టైర్లును, పలు గేర్లును గల ఆ సైకిలును మన పిల్లలు గేరు సైకిలని పిలుచుచున్నారు. నగరములలో చదువుకొను మనుమలు సెలవులకు వచ్చి, దానికి ట్యూబులు తీసివేయింపవలెనని పెద్దలతో చెప్పుచున్నారు. పెద్దలు రెండు ప్రశ్నలు వేయుచున్నారు. ట్యూబు లేకున్న గాలి యెట్లు నిలుచును? దిగుడు దారిలో టైరు ఊడిన పిల్లవాని గతి యేమి? రెండును తగిన ప్రశ్నలే. రెండవదానిని తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. మా ప్రక్క యూరి యువకుడొకడు మామూలు సైకిలు రిమ్మునకు మామూలు టైరునే ట్యూబు లేకుండ బిగించి, ఘాటు దిగుచుండగా ముందు టైరు రిమ్మునుండి జాఱి, మెడ క్రింది యెముక విఱుగగొట్టుకొనెను. కావున ఈ పని యెట్లు చేయవలెనో, ఎక్కడ చేయరాదో పెద్దలు తెలిసికొనుట యవసరమని తలచుచున్నాను.

ముందు కొంచెము చరిత్ర. గాలి నింపిన చక్రమును మొదట ఊహించినవాడు రాబర్టు విలియం థామ్సన్ అను స్కాట్లండు దేశీయుడు. అతడు 1845లో దానికి పేటెంటు పొందెను. అప్పటికి త్రొక్కుడు సైకిలు ప్రచారములోనికి రాలేదు. గుఱ్ఱపు బండ్ల వారు దానిని ఆదరింపలేదు. ఆ యూహ మఱుగునపడెను. 43 సంవత్సరముల తరువాత, బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నున్న జాన్ బాయిడ్ డన్‌లప్, తన కుమారుని మూడు చక్రముల బండికి కుదుపు తగ్గింపగోరి, రబ్బరు గొట్టములో గాలి నింపి చక్రమునకు చుట్టెను. 1888లో అతడును పేటెంటు పొందెను. మన టైరు బండ్లకు గూడ ఒక విధముగా మూలపురుషుడతడే. అతని తొలి టైరు చక్రమునకు అంటించినది. పంక్చరైనచో విప్పుట పెద్ద పని. 1891లో ఫ్రాన్సు దేశపు మిషెలిన్ సోదరులు సులువుగా విప్పి తొడుగుటకు వీలైన టైరును చేసిరి. ఆ యేటనే పారిస్ నుండి బ్రెస్టు వఱకు పోయి మరల పారిస్ చేరవలసిన సైకిలు పందెమున షార్ల్ తెరోం ఆ టైర్లతోనే గెలిచెను. నాటినుండి పైన టైరు, లోపల ట్యూబు అను ఏర్పాటు లోకమంతట స్థిరపడెను.

ఇక కొండ సైకిలు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున మారిన్ జిల్లాలో టామల్‌పాయిస్ అను కొండ కలదు. 1970 ప్రాంతముల యువకులు 1930 నాటి పాత లావు టైర్ల సైకిళ్లను సంపాదించి ఆ కొండపై నుండి మట్టిదారులలో దిగుచుండిరి. 1976లో వారు పందెములు మొదలిడిరి. ఆ పందెపు దారికి రీప్యాక్ అని పేరు. దిగుటలో వెనుక బ్రేకు వేడెక్కి, హబ్బులోని గ్రీజు కాగిపోయెడిది. క్రిందికి వచ్చినపిమ్మట మరల గ్రీజు కూరవలసివచ్చెడిది. అందువలన ఆ పేరు. 1977లో జో బ్రీజ్ అను నతడు ఈ పనికే ప్రత్యేకముగా క్రొత్త సైకిలు చట్రములను కట్టెను. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో కొండ సైకిలు పందెమునకు స్థానము లభించెను. ఇరువది యేండ్లలో పిల్లల ఆట ప్రపంచ క్రీడయైనది.

ఇప్పుడు ట్యూబునకు వచ్చిన చిక్కును చూతము. రాళ్లదారిలో చక్రము జాఱకుండవలెనన్న టైరు నేలను ఎక్కువగా అంటుకొనవలెను. దీనికొక చిన్న లెక్క కలదు. సైకిలు వెనుక చక్రముపై 100 పౌనుల బరువు పడినదనుకొందము. టైరులో చదరపు అంగుళమునకు 50 పౌనుల ఒత్తిడి గల గాలియున్నచో, నేలనంటు భాగము ఇంచుమించు 2 చదరపు అంగుళములు. గాలిని 25 పౌనులకు తగ్గించినచో, అది ఇంచుమించు 4 చదరపు అంగుళములగును. గాలి తగ్గినకొలది టైరు మెత్తబడి, రాతి చుట్టు ఒదిగి, నేలను పట్టుకొనును, కుదుపును తగ్గును. అయితే గాలి తగ్గిన టైరు రాతికి తగిలినప్పుడు పూర్తిగా అణగి, లోపలి ట్యూబు రాతికిని రిమ్మునకును నడుమ రోటిలో పప్పువలె నలుగును. రిమ్మునకు రెండు అంచులుండుటచే ట్యూబునకు ప్రక్కప్రక్కన రెండు చీలికలు పడును. చూచుటకు రెండు కోరల గుర్తువలె నుండుటచే ఆ దేశములవారు దీనిని పాముకాటు అందురు. పట్టు కావలెనన్న గాలి తగ్గవలెను; గాలి తగ్గిన ట్యూబు చెడును. ఈ ముడిని విప్పుటకే ట్యూబును తీసివేయు ఆలోచన పుట్టినది.

రెండవ చిక్కు ముండ్లు. పల్లేరు కాయను మీకు నేను వర్ణింప నక్కఱలేదు. గోక్షురమని వైద్యులు వాడు ఆ కాయ పగిలి ఏ వైపున పడినను ఒక ముల్లు పైకి చూచుచునే యుండును. ఆ మొక్కయే పడమటి అమెరికాలోను వ్యాపించియున్నది. అచ్చట దానికి మేకతల యనియు, పంక్చరు తీగ యనియు పేళ్లు పెట్టిరి. మన చేను గట్లమీది పల్లేరే ఆ దేశపు సైకిలువారికిని శత్రువు! దానికి తోడు మనకు తుమ్మముల్లు, సర్కారు తుమ్మముల్లు వేఱుగ నున్నవి.

కార్లకు ట్యూబు లేని టైరు చాల ముందుగనే వచ్చినది. అమెరికాలో బి. ఎఫ్. గుడ్రిచ్ సంస్థయందు పనిచేసిన ఫ్రాంక్ హెర్జెగ్ కనిపెట్టిన టైరునకు 1952లో పేటెంటు లభించెను. 1955 నాటికి ఆ దేశపు క్రొత్త కార్లకు అది సామాన్యమైపోయెను. సైకిలునకు మాత్రము ఇంకను నలువది యేండ్లకు పైగా పట్టెను. కారణము చిన్నది. కారు చక్రము రేకు చక్రము. దాని రిమ్మునకు వాల్వు తప్ప వేఱు రంధ్రము లేదు. సైకిలు రిమ్మునకో, ప్రతి చువ్వకును ఒక రంధ్రము చొప్పున 32గాని 36గాని రంధ్రములుండును. అన్ని కన్నములు గల కుండలో నీరు నిలుచునా? 1999లో మావిక్, హచిన్‌సన్, మిషెలిన్ అను మూడు ఫ్రెంచి సంస్థలు కలిసి, లోపలి వైపున చువ్వల రంధ్రములు లేని రిమ్మును, దానికి సరిపడు టైరును ప్రవేశపెట్టెను. అవి బరువైనవి, ఖరీదైనవి. పిమ్మట, రిమ్ము రంధ్రములపై గాలి చొరని టేపు అంటించి, టైరులో రబ్బరు పాల వంటి ద్రవము పోయు పద్ధతి వచ్చినది. అమెరికాలో స్టాన్ కోజియాటెక్ అను నతడు దీనిని ప్రచారములోనికి తెచ్చినవారిలో ముఖ్యుడు. నేడు ఎక్కువగా వాడుకలో నున్నది ఈ పద్ధతియే.

ఆ ద్రవమునకు సీలెంటు అని పేరు. దాని పని మీకు జిల్లేడు ఆకును చూచిన తెలియును. జిల్లేడు ఆకు తుంచగానే పాలు కారును. కొంతసేపటికి గడ్డకట్టి గాయము మూసికొనును. రబ్బరు చెట్టు పాలును అట్టివే. కేరళ దేశపు తోటలలో పట్టకు గాటు పెట్టి పాలు పట్టుదురు. పాలు గడ్డకట్టి గాటు మూసికొనుటచే మరల గాటు పెట్టవలసివచ్చును. చెట్టు తన గాయమును తాను మాన్పుకొను ఆ గుణమునే టైరులోనికి తెచ్చిరి. పలురకముల సీలెంట్లలో రబ్బరు పాలు, గడ్డకట్టకుండ నిలుపు ద్రవములు, సన్నని నలుసులు కలిసియుండును. చక్రము తిరుగునప్పుడు ఈ ద్రవము టైరు లోపలంతట పూతవలె పట్టును. ముల్లు గ్రుచ్చుకొని గాలి బయటికి పరుగెత్తగనే ద్రవమును ఆ కన్నమునకే పరుగెత్తును. నలుసులు అడ్డుపడును, పాలు వానిచుట్టు గడ్డకట్టును, కన్నము మూతపడును. తొక్కువానికి చాలసార్లు ముల్లు దిగిన సంగతియే తెలియదు.

ఇక మొదటి ప్రశ్నకు సమాధానము. టైరు రెండు అంచులలోను సాగని తీగగాని, గట్టి నార త్రాడుగాని యుండును. పనివారు దానిని బీడు అందురు. మన బీడు భూమితో దీనికి సంబంధము లేదు. ట్యూబులెస్ రిమ్మును అడ్డముగా కోసి చూచినచో, నడుమ లోతైన కాలువ, దానికి ఇరువైపుల చదునైన అరుగులు, ఆ అరుగుల లోపలి అంచున చిన్న గట్టు కనబడును. గాలి నింపినప్పుడు ఆ గాలియే టైరు అంచులను ప్రక్కలకు త్రోసి, గట్టు దాటించి, అరుగులపై కూర్చుండబెట్టి, రిమ్ము గోడకు అదిమి పట్టును. లోపలి గాలి తానే తలుపునకు గడియయై నిలుచుచున్నది. గట్టు అడ్డుండుటచే అంచు తేలికగా కాలువలోనికి జాఱదు. మామూలు రిమ్మునకు ఈ అరుగు, ఈ గట్టు సరిగా నుండవు. మా ప్రక్క యూరి యువకుని టైరు జాఱుటకు కారణమదియే. రెండవ ప్రశ్నకును ఇందే సమాధానమున్నది. తగిన రిమ్ము, తగిన టైరు, తగినంత గాలి యున్న టైరు ఊడదు. మూడింటిలో ఏది లోపించినను ఊడవచ్చును.

ఇక బిగించు విధానము. నా పూర్వ శిష్యుడొకడు మండల కేంద్రమున సైకిలు దుకాణము నడపుచున్నాడు. అతడు రెండు చక్రములకు ఈ పని చేయుచుండగా నేను ప్రక్కన కూర్చుండి, ప్రతి మెట్టును అడిగి తెలిసికొంటిని. ఆ క్రమమునే చెప్పుచున్నాను.

మొదట పరీక్ష. రిమ్ముపైనను టైరుపైనను ట్యూబులెస్ అనిగాని, ట్యూబులెస్ రెడీ అనిగాని వ్రాసియుండవలెను. రెండింటిలో ఒకదానిపై నున్న చాలదు. పిమ్మట కొలత. టైరుపై 29 అంగుళములు, 27.5 అంగుళములు, 26 అంగుళములు అని పెద్ద యంకె యుండును. దానికంటె నమ్మదగినది 622, 584, 559 అను మిల్లీమీటర్ల యంకె. అది టైరు అంచు కూర్చుండు చోటి వ్యాసము. టైరుపై 622 అని యున్నచో రిమ్ముపైనను 622 అనియే యుండవలెను.

రెండవది, శుభ్రము. పాత టైరు, ట్యూబు, రిమ్ము పట్టీ తీసివేసి, రిమ్ము లోపలి మట్టిని, జిగురును, నూనెను తుడువవలెను. ఆసుపత్రిలో సూది వేయుటకు ముందు తుడుచు స్పిరిటు వంటిది దీనికి మంచిది. నిప్పునకు దూరముగా నుంచవలెను. రిమ్ము పూర్తిగా ఆరిన పిమ్మటనే పై పని. తడి గోడకు సున్నము పట్టదు. తడి రిమ్మునకు టేపు పట్టదు.

మూడవది, టేపు. ఇది కాగితములకు అంటించు టేపు కాదు. ఈ పనికే చేసిన పలుచని గట్టి టేపు. రిమ్ము లోపలి వెడల్పుకంటె 2 మొదలు 5 మిల్లీమీటర్ల వఱకు వెడల్పు టేపు తీసికొనవలెను. రిమ్ము 30 మిల్లీమీటర్లయిన, టేపు 32 మొదలు 35. వాల్వు రంధ్రమునకు జానెడు దూరమున మొదలుపెట్టి, గట్టిగా లాగుచు, బొటనవ్రేలితో అదుముచు, చుట్టును త్రిప్పవలెను. చుట్టు పూర్తియైన పిమ్మట వాల్వు రంధ్రమును దాటి మఱి జానెడు పోయి తెంపవలెను. అప్పుడు వాల్వు రంధ్రముపై రెండు పొరలుండును. ఎక్కడను ముడుత గాని, బుడగ గాని యుండరాదు. నా శిష్యుడు ఈ మెట్టున తీసికొనినంత సమయము తక్కిన పనులలో తీసికొనలేదు. టేపులో తప్పు జరిగినచో, గాలి చువ్వల రంధ్రములనుండి పోవుచుండును. బయట ఎంత వెదకినను కన్నము దొరకదు.

నాలుగవది, వాల్వు. టేపుపై వాల్వు రంధ్రమున్న చోట సన్నని దబ్బనముతో చిన్న కన్నము పొడిచి, వాల్వును త్రోయవలెను. కత్తితో పెద్దగా కోయరాదు. వాల్వు క్రింది రబ్బరు మడమ టేపునకు అదిమి కూర్చుండవలెను. పైనుండి మరను చేతితోనే బిగింపవలెను, పటకారు పెట్టరాదు. ఏలయన, అడవిదారిలో ట్యూబు వేయవలసివచ్చినప్పుడు ఈ వాల్వును చేతితోనే విప్పవలెను గదా.

అయిదవది, టైరు తొడుగుట. టైరు ప్రక్కన తిరుగవలసిన దిక్కును చూపు బాణపు గుర్తుండును, దానిని చూచుకొనవలెను. ఒక అంచును ముందు తొడిగి, రెండవ అంచును వాల్వునకు ఎదుటి వైపున మొదలుపెట్టి, వాల్వు వద్ద ముగింపవలెను. తొడుగుచున్నంతసేపును అప్పటికే ఎక్కిన అంచును రిమ్ము నడుమ కాలువలోనికి నొక్కుచుండినచో టైరు వదులై సులువుగా ఎక్కును. వాల్వు ఉన్న చోట అంచు కాలువలోనికి దిగదు. కావుననే ముగింపు అక్కడ. ఇనుప మీటలు వాడినచో టేపు చిరుగును. చేతులతోనే ఎక్కించుట మేలు.

ఆఱవది, గాలి. మొదటిసారి సీలెంటు పోయకుండ ఉత్త గాలితోనే చూడవలెను. టైరు అంచులకు చుట్టు సబ్బునీరు పూసి, వాల్వు లోపలి చిన్న మరను విప్పి, గాలి ఒక్కసారిగా వేగముగా పంపవలెను. నెమ్మదిగా పంపిన గాలి అంచుల సందులనుండి పోవును. చేతి పంపు చాలనప్పుడు కంప్రెసరు కావలెను. ఈ సైకిలు వాల్వు సన్ననిది. దుకాణపు గొట్టమునకు సరిపడుటకు చిన్న జోడింపు ముక్క తగిలింపవలెను. గాలి నిండినప్పుడు అంచులు గట్టు దాటి టప్పు టప్పుమని శబ్దము చేయుచు అరుగుపై కూర్చుండును. శబ్దమునకు బెదరనక్కఱలేదు గాని, ముఖమును, వ్రేళ్లను దూరముగా నుంచవలెను. టైరుపైనను రిమ్ముపైనను హెచ్చు గాలి యింతయని వ్రాసియుండును. రెండింటిలో తక్కువ యంకెను ఎన్నడును దాటరాదు. లారీకి గాలి కొట్టు కంప్రెసరునకు దీనిని అప్పగించి మాటలలో పడరాదు. కొలత చూచుచు, కొద్దికొద్దిగా ఆపి ఆపి నింపవలెను. పిమ్మట టైరు ప్రక్కన రిమ్మునకు దగ్గఱగా నున్న సన్నని గీతను చూడవలెను. ఆ గీత చుట్టును ఒకే యెత్తున కనబడిన, అంచు సరిగా కూర్చున్నట్లు. ఒకచోట లోపలికి పోయిన, గాలి తీసి మరల చేయవలెను.

ఏడవది, సీలెంటు. గాలి నెమ్మదిగా విడిచినను అంచులు తమ చోటనే నిలుచును. సీసాను బాగుగా కుదిపి, 29 అంగుళముల, 2.3 అంగుళముల వెడల్పు టైరునకు ఇంచుమించు 100 మిల్లీలీటర్ల ద్రవమును వాల్వు గుండ పోయవలెను. మర బిగించి మరల గాలి నింపి, చక్రమును త్రిప్పి, కుదిపి, బకెట్టుపై ఈ ప్రక్క కొంతసేపు, ఆ ప్రక్క కొంతసేపు పరుండబెట్టవలెను. అంచులయొద్ద చిన్న బుడగలు వచ్చి, క్రమముగా ఆగిపోవును. వెంటనే సైకిలును కొంతదూరము త్రొక్కిన ద్రవము అన్ని చోట్ల పట్టును. ఒక రాత్రి యుంచి, తెల్లవారి గాలి తగ్గెనో లేదో చూచి, ఆ తరువాతనే కొండకు పంపవలెను.

గాలి యెంత? 70 కిలోల మనుజునకు పైన చెప్పిన టైరులో ముందు చక్రమునకు 21 లేక 22 పౌనులు, వెనుక చక్రమునకు 24 లేక 25 పౌనులు మొదట ఉంచి చూడవచ్చును. రాయి తగిలినప్పుడు రిమ్ము మ్రోగినచో గాలి పెంచవలెను. గాలి తక్కువ యుండుట మేలని మఱీ తగ్గించినచో, మలుపులో టైరు ప్రక్కకు ఒరిగి అంచు విడిచి గాలి బుస్సున పోవును, రిమ్మును సొట్టపడును. మితమే ఇక్కడను మందు.

ఇక పోషణ. ట్యూబు తీసివేసితిమి గదా యని మఱచిపోవుటకు వీలులేదు. సీలెంటు 2 మొదలు 6 నెలలలో ఆరిపోవును. ఎండ ఎక్కువగల చోట ఇంకను త్వరగా ఆరును. మన వేసవిని తలచుకొని రెండు నెలల కొకసారి చూచుట మంచిది. చక్రమును చెవి దగ్గఱ కుదిపిన టెంకాయలో నీరు మ్రోగినట్లు మ్రోగవలెను. మ్రోగకున్న మరల పోయవలెను. గాలిని ప్రతి ప్రయాణమునకు ముందు చూడవలెను.

పెద్ద గాటు పడినప్పుడు సీలెంటు చాలదు. మోటారు సైకిలు టైరునకు మన పంక్చరు పనివారు జిగురు పట్టించిన రబ్బరు వత్తిని సూదితో దూర్చు పద్ధతి మీరు చూచినదే. దీనికిని సన్నని వత్తులు దొరకును. అదియు చాలకున్న పాత మిత్రుడైన ట్యూబే గతి. వాల్వు విప్పి, టైరులో ట్యూబు పెట్టి, గాలి నింపి ఇల్లు చేరవచ్చును. కాని ట్యూబు పెట్టుటకు ముందు టైరు లోపలంతయు గుడ్డతో జాగ్రత్తగ తడిమి చూడవలెను. నెలల తరబడి దిగిన పల్లేరు ముండ్లు, తుమ్మముండ్లు సీలెంటు చలువతో తెలియకుండ అందే నిలిచియుండును. చూడక ట్యూబు పెట్టిన అన్ని ముండ్లును ఒక్కసారిగా దానిలో దిగును. కావున కొండకు పోవువాని సంచిలో ఒక ట్యూబు, ఒక పంపు, నాలుగు వత్తులు ఉండితీరవలెను.

మఱి రెండు హెచ్చరికలు. గాలి ఒక్కసారిగా కావలెనని కొందఱు చల్లపానీయపు ప్లాస్టిక్ సీసాలో గాలి నింపి, దానినుండి టైరులోనికి వదలుచుందురు. ఆ సీసా పగిలిన కన్ను పోవును. అట్టి పని చేయనీయకుడు. రెండవది, ఆరిన సీలెంటు పొరలను పశువులు తిరుగు చోట, నీళ్ల తొట్టిలో పాఱవేయరాదు. ఒక కాగితమున చుట్టి చెత్తలో వేయవలెను.

ఇంత చెప్పితిని గదా యని మీ యింటి సైకిలునకు గూడ ట్యూబు తీసివేయుడని నా యభిప్రాయము కాదు. బడికి పోవు పిల్లల సైకిలు, గడ్డిమోపు మోయు సైకిలు, పాలక్యాను మోయు సైకిలు ఎక్కువ గాలితో సమమైన దారిపై పోవునవి. వానికి ట్యూబే సరి. పంక్చరైన నీళ్లలో ముంచి, బుడగ చూచి, సొల్యూషన్ పూసి, అతుకు వేసిన సరిపోవును. తక్కువ గాలితో, రాళ్లపై, ముండ్లదారిలో, ఊరికి దూరముగా పోవు సైకిలునకే ఈ ఏర్పాటు. ఏ పనికి ఏ పనిముట్టో యెఱిగినవాడే పనివాడు.

తుదకు ఒక మనవి. కారునకు ట్యూబు పోయినప్పుడు మన పంక్చరు దుకాణములవారు వత్తి పెట్టుట నేర్చుకొని నిలిచిరి. సైకిలు పనికి వచ్చిన ఈ క్రొత్త విద్యను వారు నేర్వకున్న, గేరు సైకిలు పట్టణమునకు పోవును. దానితో వారి కూలియు పోవును. అంతకంటె ముఖ్యము, తెలిసిన పనివాడు ఊరిలో లేనప్పుడే కుఱ్ఱవాడు తనకు తోచినట్లు బిగించుకొని కొండ దిగును. ఈ పనికి కావలసినవి టేపు, వాల్వు, ఒక సీసా సీలెంటు, గాలి కొలుచు సాధనము, తక్కినది ఓర్పు. మీ యూరి పనివానిని పిలిచి, పైన చెప్పిన ఏడు మెట్లును వానికి వినిపింపుడు. మనుమడు ట్యూబు తీయింతునన్నప్పుడు కోపగింపక, రిమ్ముపై ఏమి వ్రాసియున్నదో చదివి చెప్పుమని యడుగుడు. ఆ యొక్క ప్రశ్నకు వాడు సరియైన సమాధానము చెప్పగలిగిన, వానిని నిశ్చింతగా పంపవచ్చును.